ఏ నేల మీద కూర్చుని చెబుతున్నావు? ప్రవాస రచయితలు, క్రతువు, పరిసరాలు

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ప్రవాస రచయితల గురించి మాట్లాడమన్నారు. ఈ విషయం ఎత్తగానే మనం బెంగ గురించి మాట్లాడటం మొదలుపెడతాం. ఊరు గుర్తొచ్చింది, చెరువు గుర్తొచ్చింది, పండగ రోజున కళ్లు చెమర్చాయి, ఇలా. ఈ రోజు ఆ బెంగను కాస్త పక్కన పెడతాను. నేలకూ క్రతువుకూ ఒక ముడి ఉంది. మనిషి ఊరు వదిలినప్పుడు ఆ ముడి తెగుతుంది. తెగిన దగ్గర రచయిత ఏం చేస్తాడన్నదే నా ప్రసంగం.

సంకల్పంతో మొదలుపెడతాను. పూజైనా పెళ్లైనా తద్దినమైనా, పురోహితుడు మనచేత ముందుగా చెప్పించేది చిరునామా. జంబూద్వీపే, భరతవర్షే, భరతఖండే, మేరువుకు దక్షిణాన, శ్రీశైలానికి ఫలానా దిక్కున, ఫలానా నదుల మధ్య అని. ఆ తర్వాత సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, తిథి. ఆ తర్వాతే గోత్రం, పేరు. మనకేం కావాలో చివర్లోగానీ రాదు. చిన్నప్పటి నుంచీ వింటున్నాం కాబట్టి పెద్దగా పట్టించుకోం. అమెరికాలో ఉంటున్న మనవాళ్ల ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి కూర్చున్నప్పుడు మాత్రం చెవులు రిక్కిస్తాం. అక్కడ చాలామంది పురోహితులు క్రౌంచద్వీపే, రమణకవర్షే, ఐంద్రఖండే అని చెప్పిస్తారు. ఆపైన దగ్గర్లో పారే నదుల పేర్లు వస్తాయి. మిసిసిపీకీ మిస్సోరీకీ సంస్కృత విభక్తి తగిలించి మంత్రంలో కలిపేస్తారు. అది విని నవ్వేవాళ్లున్నారు. నాకు మాత్రం గౌరవం కలుగుతుంది. అక్కడ కూర్చుని శ్రీశైలానికి ఈశాన్యాన ఉన్నామని వాళ్లు అబద్ధం చెప్పలేదు. ఏ నేల మీద ఉన్నావని క్రతువు అడిగింది. ఉన్న నేల పేరే చెప్పారు.

నేను నమ్మేది ఒక్కటే. పాత ఊరు ఎంత బాగా గుర్తుందన్న దాన్ని బట్టి ప్రవాస రచయితను తూచకూడదు. పాత క్రతువుకు కొత్త నేల ఏ వస్తువు ఇచ్చింది, ఏది ఇవ్వలేకపోయింది, దాని బదులు ఏం పెట్టుకున్నారు, ఇది అతను ఎంత దగ్గరగా చూశాడన్నది ముఖ్యం. మన పూజలో ఈ బదులుకు చోటు ముందే ఉంది కదా. పట్టుబట్ట లేకపోతే వస్త్రార్థం అక్షతాన్ సమర్పయామి. నగ లేకపోతే ఆభరణార్థం అక్షతాన్ సమర్పయామి. లేనిదాన్ని లేదని ఒప్పుకుని, దాని పేరు పైకి చెప్పి, ఉన్నదాన్ని పెట్టడం. మంచి ప్రవాస సాహిత్యమంతా నాకు ఈ పద్ధతిలోనే నడుస్తున్నట్టు కనిపిస్తుంది.

వాల్మీకి రామాయణం అయోధ్యాకాండలో ఒక ఘట్టం ఉంది. పద్నాలుగేళ్ల వనవాసంలో ఉన్న రాముడికి భరతుడు వచ్చి తండ్రి చనిపోయాడని చెబుతాడు. పిండం పెట్టాలి. చక్రవర్తికి పెట్టాల్సిన పిండం. చిత్రకూటంలో బియ్యం ఎక్కడివి? ఇంగుదీ పిండిలో, అంటే మనం గార అనే చెట్టు కాయల పిండిలో, రేగుపళ్లు కలిపి, మందాకిని ఒడ్డున దర్భలు పరిచి దానిమీద పెడతాడు. మహారాజా, మేం తింటున్నది ఇదే, నువ్వూ ఇదే తిను, మనిషి ఏది తింటే అతని దేవతలూ అదే తింటారు అంటాడు. తర్వాత అటుగా వచ్చిన కౌసల్య ఆ దర్భల మీది గారపిండి ముద్దను చూస్తుంది. భూమినంతా ఏలినవాడు ఈ ముద్ద ఎలా తింటాడని కుమిలిపోతుంది. ఒకే ముద్ద. కొడుక్కి అది తృప్తి, తల్లికి అది దుఃఖం. వాల్మీకి ఇద్దరిలో ఎవరినీ కాదనలేదు. ప్రవాసం గురించి నేను చదివిన వాటిలో ఇంతకంటే పూర్తిగా చెప్పిన ఘట్టం గుర్తు రావడం లేదు. వెళ్లినవాడి చూపు, ఉండిపోయినవాళ్ల చూపు రెండూ ఆ ముద్ద మీదే కలుస్తాయి.

ఇక మన దేశం దాటి వెళదాం. రోమన్ కవి ఓవిడ్‌ను అగస్టస్ చక్రవర్తి క్రీస్తుశకం 8లో నల్లసముద్రం ఒడ్డున ఉన్న టోమిస్‌కు పంపేశాడు. ఇప్పుడది రుమేనియాలోని కాన్‌స్టాంట్సా. అక్కడి చలి గురించి ఓవిడ్ రాసిన వర్ణనలు ప్రసిద్ధం. ద్రాక్షసారా జాడీలోనే గడ్డకట్టి, జాడీ తీసేసినా అదే ఆకారంలో నిలబడుతుందట. తాగడం ఉండదు, ముక్కలు పంచుకోవడమేనట. డాన్యూబ్ గడ్డకడితే దానిమీద బండ్లు నడుస్తాయట. ఆ ఊరిప్పుడు వేసవి విహారానికి జనం వెళ్లే సముద్రతీరం. ఓవిడ్ కాస్త ఎక్కువ చేసి రాశాడని పండితులంటారు. కావచ్చు. ఇష్టం లేని నేల ఎప్పుడూ ఉన్నదానికంటే చల్లగానే ఉంటుంది.

నన్ను ఆపేసేవి మాత్రం అతని రెండు పుట్టినరోజు పద్యాలు. రోమన్లకు పుట్టినరోజు ఒక క్రతువు. తెల్లబట్ట కట్టి, వేదికకు పూలు చుట్టి, సాంబ్రాణి వేసి పుట్టినరోజు దేవతను పిలుస్తారు. తన పుట్టినరోజు వచ్చినప్పుడు ఓవిడ్ ఆ దేవత మీద విరుచుకుపడతాడు. ఇంత దూరం ఎందుకొచ్చావు, నీకు ఇక్కడ తెల్లబట్ట, ధూపం దొరుకుతాయనుకున్నావా, నాకు తగినది చావు వేదికే అంటాడు. తర్వాత రోమ్‌లో ఉండిపోయిన భార్య పుట్టినరోజు వస్తుంది. అప్పుడు మాత్రం ఏడాదికొక్కసారి కట్టే తెల్లబట్ట బయటికి తీస్తాడు. రాతి వేదిక లేదు, అందుకని ఆ నేల మీది పచ్చిక గడ్డలనే పేర్చి వేదిక చేస్తాడు. సాంబ్రాణి వేస్తాడు. ఆ పొగ గాలికి ఇటలీ వైపు పోతోందని గమనించి రాస్తాడు. చూశారా, తనకోసమైతే ఆ నేలను తాకనివాడు ఆమెకోసం అదే నేల గడ్డిని చేత్తో పెరికి వేదిక కట్టాడు. చలి గురించి అంతలా తిట్టిన టోమిస్‌కు తన కవిత్వంలో ఒక పని దొరికింది ఆ రోజే. చదివిన ప్రతిసారీ నా మనసు ఆ గడ్డి దగ్గరే నిలిచిపోతుంది.

ఇక్కడ ఒక తేడా చెప్పుకోవాలి. బతుకుతెరువు కోసమో, ఎవరో తరిమితేనో వెళ్లినవాళ్లు ఒక రకం. తమకు తామే ఇష్టపడి వేరే దేశంలో కాపురం పెట్టిన రచయితలు ఇంకో రకం. పాల్ బౌల్స్ అనే అమెరికన్ 1947లో మొరాకోలోని టాంజియర్‌లో మకాం పెట్టి 1999లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. 1959లో మొరాకో అంతా తిరిగి అక్కడి సంగీతాన్ని రికార్డు చేశాడు. ఇలాంటివాళ్లకు తమ క్రతువును కొత్త నేలకు సర్దుకునే బాధ లేదు. ఎదుటివాళ్ల క్రతువును చూడటమే వాళ్ల పని. ఆ చూడటంలోనూ ఓ పరీక్ష ఉంది. ఇంగ్లిషు రచయిత డి.హెచ్. లారెన్స్ 1922లో అమెరికాలోని న్యూమెక్సికో చేరాడు. 1924 ఆగస్టులో హోపీ అనే ఆదివాసీ తెగవాళ్ల పాము నృత్యం చూడటానికి వెళ్లాడు. ఎడారి నేలలో వాన కోసం చేసే క్రతువది. బతికున్న పాములను నోట కరుచుకుని నాట్యం చేసి, ఆ పాములను నేలకు వదిలేస్తారు, భూమిలోకి వెళ్లి మా మొర వినిపించండని. లారెన్స్ తిరిగొచ్చి ముందు రాసిన వ్యాసం వెటకారం. సర్కస్ చూసొచ్చినట్టుంటుంది. కొద్దిరోజుల్లోనే రెండో వ్యాసం రాశాడు. ఇందులో అతని చూపు చూడటానికి వచ్చిన జనం మీంచి నేల మీదికి మళ్లింది. నీళ్లు లేని ఆ బండల మీద మొక్కజొన్న పండించుకుని బతికే మనుషులు పాముతో ఎందుకు మాట్లాడతారో అప్పుడు అతనికి కనపడింది. క్రతువును నేల నుంచి విడదీసి చూస్తే వింతగానే ఉంటుంది. ఏ దేశం క్రతువైనా అంతే.

ఇప్పుడు మనకు దగ్గరి కథ. గిర్మిటియాలది, అంటే ఒప్పందం మీద వేలిముద్ర వేసి పరాయి దేశాలకు వెళ్లిన కూలీలది. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ 36 మంది కూలీలను మారిషస్‌లోని పోర్ట్ లూయీలో దించింది. 1845లో ఫతేల్ రజాక్ అనే ఓడ కరీబియన్ దీవి ట్రినిడాడ్ చేరింది. గయానాకు అంతకుముందే, 1838లోనే వెళ్లారు. ఆ తర్వాత నటాల్, సురినామ్, ఫిజీ. చెరకు తోటల్లో బానిసల స్థానంలో పని చేయడానికి వీళ్లను తీసుకెళ్లారు. 1917లో ఈ కూలీల ఎగుమతిని ఆపేసేదాకా లక్షలమంది వెళ్లారు. ఒక్క మారిషస్‌కే సుమారు నాలుగున్నర లక్షల మంది. మన కోరంగి తీరం నుంచీ, ఉత్తరాంధ్ర నుంచీ వెళ్లినవాళ్లు ఉన్నారు. ఓడ ఎక్కడంతోనే వాళ్లు ధర్మశాస్త్రం దృష్టిలో చెడిపోయారు. సముద్రం దాటడం మనిషిని పతితుణ్ని చేస్తుందని బౌధాయన ధర్మసూత్రం చెబుతుంది. అంటే క్రతువుకే పనికిరాని మనుషులయ్యారన్నమాట. అలాంటివాళ్లే ఆ దీవుల్లో క్రతువును ఇన్నాళ్లు పట్టుకుని కూర్చున్నారు. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మారిషస్‌లో కొండల మధ్య అగ్నిపర్వత బిలంలో ఏర్పడిన సరస్సు ఉంది. ఫ్రెంచివాళ్లు దానికి గ్రాండ్ బాసాఁ అని పేరు పెట్టారు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఒక భక్తుడికి ఆ సరస్సు కలలో కనిపించిందనీ, గంగతో దానికి సంబంధం ఉందని తోచిందనీ చెబుతారు. శివరాత్రికి అక్కడికి నడిచి వెళ్లడం మొదలైంది. 1972లో భారతదేశం నుంచి గంగాజలం తెచ్చి ఆ నీటిలో కలిపారు. ఇప్పుడది గంగా తలావ్. మహాశివరాత్రికి కావళ్లు మోసుకుంటూ దీవి నలుమూలల నుంచీ జనం నడిచి వస్తారు. తెలుగువాళ్లు అక్కడ సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు, అమ్మోరు పండగ చేస్తారు, రామభజనం చేస్తారు. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. అప్పన్న కొండ ఆ దీవిలో లేదు. కొండ లేకుండానే అప్పన్న ఉన్నాడు.

ఆ మారిషస్‌లోనే పుట్టిన ఖల్ తొరాబుల్లీ అనే కవి ఫ్రెంచిలో రాస్తాడు. వలసకూలీల వారసత్వానికి అతను ఒక కొత్త పోలిక ఎంచుకున్నాడు. వేళ్లు అనే మాటను వదిలేసి పగడం అన్నాడు. పగడం కొట్టుకొచ్చేవాటిని అంటిపెట్టుకుంటూ, పొర మీద పొరగా సముద్రంలోనే పెరుగుతుంది. ఆ దీవి చుట్టూ ఉన్నవీ పగడపు దిబ్బలే. అంటే పోలికను కూడా కొత్త నేలే ఇచ్చింది. వేళ్లు తెగాయి, వేళ్లు వెతుక్కుంటున్నాను అని రాసే వందలమంది మధ్య ఈ కవి పక్కనున్న సముద్రం వైపు తల తిప్పి చూశాడు. నాకు అతనంటే ఇష్టం అందుకే.

ఇప్పుడు నవలాకారుడు వి.ఎస్. నైపాల్ దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. ఆయన మీద చాలామందికి కోపాలున్నాయి. ఇతర జాతుల గురించి ఆయన అన్న మాటలకు నాకూ కోపం ఉంది. కానీ నేలనూ క్రతువునూ ఒకచోట పెట్టి ఆయన చూసినట్టు ఈ కాలంలో చూసినవాళ్లు తక్కువ. 1932లో ట్రినిడాడ్‌లోని చగువానస్‌లో పుట్టాడు. తాత ఉత్తరప్రదేశ్ తూర్పు ప్రాంతం నుంచి వెళ్లినవాడు. 1950లో ఇంగ్లండ్ వెళ్లాడు. 2001లో నోబెల్ అందుకున్నప్పుడు తన ప్రసంగంలో ఒక విషయం చెప్పాడు. చగువానస్ అన్నది ఒక ఆదివాసీ తెగ పేరని, 1625లో స్పెయిన్ రాజు రాసిన ఉత్తరంలో ఆ తెగ గురించి ఉందని పెద్దయ్యాక లండన్‌లో పాత కాగితాలు తిరగేస్తుంటే తెలిసిందట. ఆ తెగ మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. ఆ నేల మీదే పుట్టి పెరిగిన పిల్లవాడికి ఎవరూ ఆ సంగతి చెప్పలేదు. మన క్రతువు నిలబెట్టుకున్నామని మురిసిపోయే ప్రవాసులు అడగని ప్రశ్న ఇది. ఈ నేల మీద అంతకుముందు ఎవరి క్రతువు జరిగింది? అమెరికాలో, ఆస్ట్రేలియాలో, ఫిజీలో, ఎక్కడైనా ఈ ప్రశ్న ఉంటుంది.

1987లో వచ్చిన ఆయన నవల 'ది ఎనిగ్మా ఆఫ్ అరైవల్' ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్‌లో నడుస్తుంది. స్టోన్‌హెంజ్ అనే ప్రాచీన రాతి వలయానికి నడిచి వెళ్లేంత దూరంలో ఒక ఎస్టేటులోని చిన్న ఇంట్లో కథకుడు దిగుతాడు. మొదటి నాలుగు రోజులూ వాన. ఏమీ కనపడదు. తర్వాత మెల్లగా ఒక్కొక్కటే కనిపిస్తాయి. జాక్ అనే మనిషి తోట కనిపిస్తుంది, అతని బాతులు కనిపిస్తాయి. ఇతను వేల ఏళ్లుగా ఇక్కడే ఉన్న పల్లె మనిషి, ఈ నేలకు అంటుకుపోయినవాడు, నేనొక్కణ్నే పరాయివాణ్ని అనుకుంటాడు కథకుడు. రోజూ నడుస్తూ, రోజూ చూస్తూ పోగా తెలుస్తుంది, జాక్ కూడా శిథిలాల మధ్య, మారిపోతున్న పొలాల మధ్య తన చేత్తో ఆ తోటను చేసుకున్నవాడేనని. జాక్ జబ్బుపడి చావు దగ్గరకొచ్చినప్పుడు కూడా క్రిస్మస్ ముందు మంచం దిగి, పబ్‌కు వెళ్లి స్నేహితులతో కాసేపు కూర్చుని వస్తాడు. అది జాక్ క్రతువు. అతను పోయాక ఆ తోటా పోతుంది.

అసలు సంగతి చివరి అధ్యాయంలో ఉంది. 1984లో నైపాల్ చెల్లెలు సతి ట్రినిడాడ్‌లో హఠాత్తుగా చనిపోయింది. ఆయన చేరేటప్పటికి దహనం అయిపోయింది. తర్వాత ఇంట్లో చేసే కర్మ మిగిలింది. ఆ చెల్లెలికి పూజల మీద పెద్ద నమ్మకం లేదు. ఆయనకూ లేదు. అయినా కుటుంబానికి ఆ తంతు కావాల్సొచ్చింది. చెరకు తోటలు దాటి పట్టణపు ఇళ్లలోకి వచ్చేసిన కుటుంబం. అరుగు మీద మట్టి వేదిక, నిప్పు, పండితుడు, ఎదురుగా ఆమె కొడుకు. పండితుడు మంత్రాల మధ్యలో ఇంగ్లిషులో విడమర్చి చెబుతుంటాడు, వాళ్లు ప్రశ్నలు అడుగుతుంటారు. ఎవరికీ పూర్తిగా తెలియని తంతు. అది చూసి నైపాల్ వెక్కిరిస్తాడనుకుంటాం, ఆయన పాత పుస్తకాలు చదివినవాళ్లం కాబట్టి. వెక్కిరించడు. తమ లోకం తామే కొంత చేసుకున్నదని, పాత ఓడ ఎక్కి వెనక్కి వెళ్లే దారి లేదని గ్రహిస్తాడు. ఆ చావు తర్వాతే చేతిలో ఉన్న చిత్తుప్రతులన్నీ పక్కన పెట్టి, జాక్ గురించీ అతని తోట గురించీ వేగంగా రాయడం మొదలుపెట్టానంటాడు. ఇది గమనించండి. ఇంగ్లండ్ నేల మీద రాయడానికి కావలసిన చూపు ట్రినిడాడ్‌లో జరిగిన ఒక హిందూ కర్మ నుంచి వచ్చింది. ఒకచోటి చావుతంతు ఇంకోచోటి తోటను చూపించింది.

ఆ చగువానస్ పక్కనే ఫెలిసిటీ అనే పల్లె ఉంది. మరో కరీబియన్ దీవి సెయింట్ లూసియాలో పుట్టిన కవి డెరెక్ వాల్కాట్ 1992 నోబెల్ ప్రసంగాన్ని ఆ పల్లెతోనే మొదలుపెట్టాడు. అక్కడ ఏటా రామలీల ఆడతారు. చెరకు తోటల పక్కన ఖాళీ మైదానం, వేషాలు కట్టిన కుర్రాళ్లు, చివర్లో కాల్చబోయే పెద్ద రావణుడి బొమ్మ. వాల్కాట్ పూర్వీకుల్లో ఆఫ్రికా బానిసలున్నారు. రామాయణం ఆయనకు పరాయిది. స్నేహితులకు చూపిద్దామని తీసుకొచ్చి, ముందు తనకూ అయ్యో అనే భావమే కలిగిందని ఒప్పుకుంటాడు. ఎక్కడి భారతదేశం, ఎక్కడి చెరకు తోట, ఏదో పోగొట్టుకుని దాని నీడను ఆడుకుంటున్నారని. తర్వాత తనను తాను నిలదీసుకుంటాడు. ఈ పిల్లలు భారతదేశం చూడనేలేదు, మరి పోగొట్టుకున్నదెలా? వాళ్లు నటించడం లేదు, నమ్ముతున్నారు. ఇది సంతోషం, దీన్ని నేనెందుకు సంతాపంగా చదివాను?

ఆ ప్రశ్న విలువ తెలియాలంటే ట్రినిడాడ్ చరిత్ర కొంచెం తెలియాలి. 1884లో శాన్ ఫెర్నాండోలో మొహర్రం తాజియాల ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపితే 16 మందికి తక్కువ కాకుండా చనిపోయారు. ఆఫ్రికా మూలాలున్న షౌటర్ బాప్టిస్టుల ఆరాధనను 1917 నుంచి 1951 దాకా చట్టమే నిషేధించింది. అంటే అక్కడ క్రతువు చేయడమంటే ఒక్కోసారి ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. తన పూర్వీకుల డప్పును అణచేసిన నేల మీద నిలబడి, పక్కవాడి రామలీలను చూసి సంతోషపడగలిగాడు వాల్కాట్. ఆ గుండె అందరికీ ఉండదు.

మన పొరుగునే పుట్టిన ఎ.కె. రామానుజన్ సంగతి క్లుప్తంగా. 1929లో మైసూరులో పుట్టి, 1960ల నుంచి షికాగోలో పాఠాలు చెప్పి, 1993లో అక్కడే చనిపోయాడు. ప్రాచీన తమిళ సంగం కవిత్వాన్ని ప్రపంచానికి పరిచయం చేశాడు. ఆ కవిత్వంలో ఐదు తిణలు, అంటే ఒక్కో మనఃస్థితికి ఒక్కో రకం నేల, ఉంటాయి. కొండ కలయికకు, అడవి ఎదురుచూపుకు, పొలం అలకకు, సముద్రతీరం దిగులుకు. ఐదోది పాలై. అది ఎడబాటు నేల, డబ్బు సంపాదనకు ఊరు విడిచిపోయేవాడు దాటే నేల. శిలప్పదికారం దీన్ని వేరే ప్రదేశంగా చెప్పదు. కొండా అడవీ ఎండకు మాడి తమ తీరు తప్పితే అవే పాలై అవుతాయంటుంది. ఎడబాటు కోసం ప్రత్యేకమైన దేశం లేదు, ఉన్న నేలే ఎండుతుంది. షికాగో మంచులో కూర్చుని ఆ పద్యాలు అనువదించిన మనిషికి ఇది ఎంత దగ్గరగా తగిలి ఉంటుందో. తండ్రి చావు మీద ఆయన రాసిన కవితలో, పూర్తిగా కాలని వెన్నెముక ముక్కలను కొడుకులు ఏరి, పురోహితుడు చెప్పినట్టు తూర్పుకు తిరిగి, రైల్వేస్టేషన్ దగ్గర మూడు నదులు కలిసేచోట వేస్తారు. త్రివేణీ సంగమం పక్కన ఆ రైల్వేస్టేషన్‌ను ఆయన చెరిపేయలేదు. అందువల్లే ఆ నదులను మనం నమ్ముతాం.

కశ్మీరీ కవి ఆగా షాహిద్ అలీ తల్లి 1997లో అమెరికాలో చనిపోయింది. ఆమెను కశ్మీర్‌కు తీసుకెళ్లి ఖననం చేశారు. ఆమ్‌హెర్స్ట్ నుంచి కశ్మీర్ దాకా ఆ ప్రయాణాన్ని కర్బలా యుద్ధంలో చనిపోయిన హుసేన్ శోకంతో, ఆయన సోదరి జైనబ్ విలాపంతో కలిపి ఒక కవితామాలగా రాశాడు. నాలుగేళ్లకే, 2001 డిసెంబరులో, తల్లికొచ్చిన జబ్బులాంటిదే వచ్చి ఆయనా పోయాడు. ఆయన సమాధి మసాచుసెట్స్‌లోని నార్తాంప్టన్‌లో ఉంది. తల్లిదొక నేల, కొడుకుదొక నేల.

మన తెలుగు ప్రవాస కథల సంగతికి వస్తాను. రాసేవాళ్లు శ్రద్ధగా రాస్తున్నారు, నేను ప్రేమతోనే చదువుతాను. కానీ చాలా కథల్లో మంచు అంటే ఒంటరితనం, పండగ అంటే బెంగ. మంచును మంచుగా చూసిన కథ అరుదు. పొద్దున్నే డ్రైవ్‌వే మీద మంచు ఎత్తిపోసి, నడుం పట్టేసి, పక్కింటి ముసలాయన వాకిలి కూడా శుభ్రం చేసి ఆఫీసుకు పోయేవాడికి ఆ మంచుతో ఒక సంబంధం ఏర్పడుతుంది. అది కథలోకి రావాలి. హోమం అంటే స్మోక్ అలారం మోగకుండా దాని మీద కవరు కట్టడం, కిటికీలు తెరవడం, బయట సున్నా డిగ్రీలు ఉండటం. ఇవి హాస్యానికి మాత్రమే పనికొచ్చే వివరాలని అనుకుంటున్నాం. నిప్పు పెట్టుకోవడానికి ఇల్లు ఒప్పుకోని దేశంలో నిప్పును పూజించడం చిన్న విషయం కాదు. ఇంగ్లండ్‌లో ఒక హిందువు తన చితి ఆరుబయట నిప్పుతో కాలాలని కోర్టుకెక్కితే 2010లో అప్పీలు కోర్టు దాకా వెళ్లింది, గోడలుండి పైన తెరిపి ఉన్న కట్టడంలో చేసుకోవచ్చని తేలింది. లీసెస్టర్ వైపు సోర్ నదిలో అస్థికలు కలుపుతున్నారు. అమెరికాలో సముద్రంలో కలపాలంటే తీరానికి కనీసం 3 నాటికల్ మైళ్లు లోపలికి వెళ్లాలి. అక్కడి దహనశాలల్లో కొడుకు కొరివి బదులు బటన్ నొక్కుతాడు.

ఆ బటన్ దగ్గర నిలబడిన కొడుకు కథ మనకు కావాలి. ఫ్యూనరల్ హోమ్‌లో టైమ్ స్లాట్ ముప్పావుగంట. పురోహితుడు ఇంకో ఊరి నుంచి కారులో రావాలి. కుండ పగలగొట్టడానికి అక్కడి కార్పెట్ ఒప్పుకోదు. ఏది చేశారు, ఏది వదిలేశారు, దేని బదులు ఏం పెట్టారు, వదిలేసినదాని గురించి ఆ రాత్రి అన్నదమ్ములు ఏం మాట్లాడుకున్నారు. వీడియో కాల్‌లో ఇండియా నుంచి చూస్తున్న మేనత్త ఏమంది. చిత్రకూటంలో కౌసల్య ఏడ్చినట్టు ఏడ్చిందా, లేక బాగానే చేశార్రా అందా. ఈ కథ రాయడానికి బెంగ చాలదు. ఆ గదిని, ఆ గంటను చూసి ఉండాలి.

అమెరికాలోనే పుట్టి పెరిగిన మనవాళ్లు ఇంగ్లిషులో రాస్తున్నారు. హడ్సన్, షార్లెట్‌లోని కటాబా, ఇవే వాళ్ల నదులు. వాళ్లు ఏదో పోగొట్టుకున్నవాళ్లని మనం ముందే జాలిపడిపోతాం. వాల్కాట్ తనను తాను అడిగిన ప్రశ్న మనం వాళ్ల విషయంలో ఇంకా అడగలేదు. వాళ్ల పుస్తకాలు మన పత్రికల సమీక్షల్లో చాలా అరుదుగా కనిపిస్తాయి, తెలుగులోకి వచ్చేవి అంతకన్నా తక్కువ. ఈ సభలో అనువాదకులు ఉన్నారు, సంపాదకులు ఉన్నారు. ఈ ఏడాది ఒక్కొక్కరు ఒక్క పుస్తకం తీసుకోండి. ఏవి తీసుకోవాలో మాట్లాడుకోవడానికి సభ అయ్యాక నేను ఇక్కడే ఉంటాను.

నమస్కారం.